శీతరక్తమను మాట – ఎడారి బల్లుల సాక్ష్యము

కౌల్స్, బోగర్టుల 1944 నాటి పరిశోధనపై ఒక విమర్శ

జంతువులను ఉష్ణరక్త జంతువులనియు, శీతరక్త జంతువులనియు రెండుగా విభజించి చెప్పుట పాఠశాలలలో చిరకాలముగా వస్తున్న ఆచారము. పక్షులు, క్షీరదములు మొదటి తెగకు చెందినవి. చేపలు, కప్పలు, సరీసృపములు రెండవ తెగకు చెందినవి. పరీక్షలో విద్యార్థి ఇట్లు వ్రాసినచో పూర్తి మార్కులు వచ్చును. కాని అమెరికా నైరృతి భాగమందలి ఎడారులలో డిప్సోసారస్ డార్సాలిస్ అను బల్లి ఒకటి ఉన్నది. దానిని ఎడారి ఇగువానా అందురు. వేసవి మధ్యాహ్నము అది ఇసుకపై తిరుగుచుండగా పట్టి థర్మామీటరు పెట్టి చూచినచో, దాని శరీరపు ఉష్ణోగ్రత సుమారు 42 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును. మనిషి శరీరపు సహజమైన ఉష్ణోగ్రత 37 డిగ్రీలు మాత్రమే. 42 డిగ్రీల జ్వరము వచ్చిన మనిషి ప్రాణాపాయములో ఉన్నట్లే. అట్టి వేడితో చురుకుగా పరుగెత్తుచు, పూలు, ఆకులు మేయుచు బ్రతుకుచున్న ప్రాణిని శీతరక్త జంతువని పిలుచుట ఎంతవరకు సమంజసము?

ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తిన గ్రంథము ఒకటి కలదు. అమెరికన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల వారి బులెటిన్ 83వ సంపుటములో 1944లో రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన వ్యాసము అది. ఎడారి సరీసృపముల ఉష్ణ సంబంధమైన అవసరములపై ప్రాథమిక పరిశీలన అని దాని శీర్షికకు అర్థము. కౌల్స్ లాస్ ఏంజెలెస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. బోగర్ట్ ఆ ప్రదర్శనశాలలో సరీసృప శాస్త్రజ్ఞుడు. చిన్నదైన ఈ వ్యాసము సరీసృపములను గూర్చిన ఆలోచననే మార్చివేసినది. ఎనుబది ఏండ్లు గడచిన పిమ్మట దానిలో నిలిచినదేమి, నిలువనిదేమి అని తూచి చూచుట జీవశాస్త్రము బోధించువారికి అవసరము. ఏలయనగా ఆ వ్యాసము తప్పని చూపిన మాటయే నేటికిని తరగతి గదులలో వినబడుచున్నది.

అంతకు ముందున్న అభిప్రాయములు

ఈ పరిశోధనకు పూర్వము రెండు అభిప్రాయములు బలముగా నాటుకొని ఉండెను. మొదటిది: సరీసృపము శరీరపు ఉష్ణోగ్రత దాని చుట్టునున్న గాలి ఉష్ణోగ్రతతో సమానముగా ఉండును, గాలి వేడెక్కిన అదియు వేడెక్కును, గాలి చల్లబడిన అదియు చల్లబడును, దాని ప్రయత్నమేమియు లేదు. రెండవది: ఎడారి సరీసృపములకు ఎండ యనిన ఇష్టము, ఎంత ఎండయైనను వాటికి హాని చేయదు. ఎండలో పండుకొనియున్న బల్లిని దూరమునుండి చూచినవారు ఇట్లు తలచుట సహజమే.

ఈ అభిప్రాయములు నిలుచుటకు కారణము పరిశీలించిన పద్ధతిలోని లోపమే. ప్రయోగశాలలో పెట్టెలో బంధించిన జంతువునకు ఎండ లేదు, నీడ లేదు, దూరుటకు కలుగు లేదు. అట్టి స్థితిలో దాని శరీరము పెట్టెలోని గాలితో సమానమగుట తప్ప వేరు గతి లేదు. చేతులు కట్టివేసి, ఈ మనిషికి అన్నము కలుపుకొనుట రాదని తీర్పు చెప్పినట్లున్నది ఆ పద్ధతి. జంతువు తన స్వస్థలములో ఏమి చేయుచున్నదో అక్కడనే కొలిచి చూడవలెనను ఆలోచన ఆలస్యముగా వచ్చినది. 1939లో సోవియట్ శాస్త్రజ్ఞుడు సెర్గెయెవ్ సహజ పరిసరములలోని సరీసృపముల ఉష్ణోగ్రతలను కొలిచి ప్రకటించెను. కనుక ఈ మార్గమున తొలి అడుగు వేసిన గౌరవము పూర్తిగా కౌల్స్, బోగర్టులదే అనుట న్యాయము కాదు. అయితే ఆ మార్గమును రాజమార్గముగా చేసినవారు వీరే.

పరిశోధన సారము

వీరు పని చేసిన చోటు దక్షిణ కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ. అది తీవ్రమైన ఎడారి. వేసవిలో అక్కడి గాలి 45 డిగ్రీలు దాటుట వింత కాదు. ఇసుక పైభాగము 60 డిగ్రీలు దాటును. పద్ధతి చూచుటకు సులభమైనది. ఎడారిలో తిరుగుచున్న బల్లినో పామునో పట్టిన వెంటనే, పట్టిన చేతి వేడి దానికి సోకక ముందే, సన్నని థర్మామీటరును అవస్కరములో ఉంచి ఉష్ణోగ్రత గుర్తించుట. ఆ సమయమున ఆ ప్రాణి ఏమి చేయుచున్నదో, ఎండలో ఉన్నదో నీడలో ఉన్నదో వ్రాసికొనుట. ఆరుబయట ఆవరణలలో ఉంచిన ప్రాణులు ఏ వేళ ఏ చోటును ఎన్నుకొనునో గమనించుట. ఇంతే.

ఈ కొలతలనుండి వెలువడిన మొదటి విషయము: చురుకుగా తిరుగుచున్న పగటి బల్లులలో ఒక్కొక్క జాతి శరీరపు ఉష్ణోగ్రత ఒక్కొక్క ఇరుకైన పరిధిలో ఉన్నది. గాలి ఉష్ణోగ్రత ఉదయమునుండి మధ్యాహ్నమునకు ఎంతో మారినను, తిరుగుచున్న బల్లి శరీరము కొద్ది డిగ్రీల తేడాలోనే నిలుచుచున్నది. రెండవ విషయము మరింత ఆశ్చర్యకరమైనది. ఎండలో తప్పించుకొనుటకు వీలులేకుండ కట్టివేసిన ఎడారి సరీసృపములు కొద్ది నిమిషములలోనే వేడికి మరణించినవి. ఎడారియే పుట్టినిల్లైన ప్రాణికి ఎడారి ఎండ అంత త్వరగా మృత్యువగునని ఎవరును ఊహించి ఉండలేదు.

ఈ రెండు విషయములను కలిపి చూచినచో ఎడారి సరీసృపము బ్రతుకు స్పష్టమగును. దాని చర్మము వేడిని ఆపలేదు. దానికి చెమట గ్రంథులు లేవు. దానిని కాపాడునది దాని నడవడియే. ఎప్పుడు బయటికి రావలెను, ఎంతసేపు ఉండవలెను, ఎప్పుడు నీడకు పోవలెను అను నిర్ణయములే దానికి గొడుగు.

ఈ వ్యాసము శాస్త్రమునకిచ్చిన మరియొక కానుక ఒక నిర్వచనము. వేడి పెరుగుచుండగా జంతువు మరణించుటకు ముందే ఒక స్థితి వచ్చును. అప్పుడు కాళ్లు తడబడును, కదలికలో పొందిక తప్పును. ఆ స్థలమునుండి తప్పించుకొని పోవు శక్తి పోవును. ఆ ఉష్ణోగ్రతను సంకట గరిష్ఠమని చెప్పవచ్చును. ప్రకృతిలో ఆ స్థితికి చేరిన జంతువు మరణించినట్లే, ఏలయనగా అది ఇక నీడను చేరలేదు. ఎడారి ఇగువానాకు ఈ హద్దు సుమారు 47 డిగ్రీలు. అదే ఎడారిలో పక్కవాటుగా పాకు సైడ్‌వైండర్ అను గిలకపామునకు సుమారు 41 డిగ్రీలు మాత్రమే. అనగా ఎడారి ఇగువానా హాయిగా మేయుచున్న శరీరపు వేడి వద్ద ఆ పాము చచ్చిపోవును. ఒకే ఇసుకపై బ్రతుకు రెండు ప్రాణులలో ఒకటి పగటిది, మరియొకటి వేసవిలో రాత్రిది అగుటకు కారణము ఇక్కడ దొరకుచున్నది.

బల్లి దినచర్య

ఈ దృష్టితో చూచినచో బల్లి దినచర్యలోని ప్రతి చిన్న కదలికకు అర్థము తోచును. ఉదయమున కొమ్ముల బల్లి ఇసుకలో ఒడలు దాచుకొని తల మాత్రమే వెలికి పెట్టి ముందుగా వేడెక్కును. బయటికి వచ్చిన బల్లి శరీరమును పలుచగా వెడల్పు చేసి ఎండకు అడ్డముగా నిలుచును. అప్పుడు చర్మము ముదురు రంగులో ఉండి వేడిని గ్రహించును. పొద్దెక్కిన కొలది ఎడారి ఇగువానా రంగు పాలిపోయి ఎండను వెనుకకు కొట్టును. ఇసుక కాలుచున్నప్పుడు కాళ్లు చాచి పొట్టను నేలకు తగులనీయక నడచును. ఇంకను వేడి పెరిగినచో క్రియోసోటు పొద ఎక్కును. నేలకు రెండడుగుల ఎత్తున గాలి ఇసుక కంటె ఎంతో చల్లగా ఉండును. అదియు చాలనప్పుడు కలుగులోనికి పోవును. ఒక అడుగు లోతున పగటికి రాత్రికి నడుమ ఉష్ణోగ్రతలో పెద్ద మార్పు ఉండదు.

ఇది తెలుగు విద్యార్థికి పూర్తిగా కొత్త దృశ్యము కాదు. చలికాలపు ఉదయమున కంచెపై ఎండకు ఒరిగియున్న తొండను, ఎండ ముదిరిన పిమ్మట అదే తొండ కొమ్మ నీడకు జరుగుటను పల్లెటూరి పిల్లలందరును చూచినవారే. చూచినదానిని లెక్కలోనికి తెచ్చుట కౌల్స్, బోగర్టుల గొప్ప.

లోపములు

ఈ వ్యాసమును గౌరవించుట యనగా దానిని ప్రశ్నింపకుండుట కాదు. దానిలో లోపములు లేకపోలేదు.

మొదటి లోపము తర్కమునకు సంబంధించినది. బల్లి శరీరపు ఉష్ణోగ్రత ఇరుకైన పరిధిలో ఉన్నది కనుక బల్లి దానిని తానే అదుపు చేయుచున్నదని వ్యాసకర్తలు భావించినారు. ఇది నిజము కావచ్చును. కాని ఆ కొలతలొక్కటే దానిని ఋజువు చేయవు. పాఠశాలకు ఎదుటి ఇంటిలోనే ఉన్న విద్యార్థి ప్రతిదినము వేళకు వచ్చినంత మాత్రమున అతడు కాలనియమము గలవాడని చెప్పలేము. రెండు మైళ్ల దూరమునుండి వేళకు వచ్చువానిని గూర్చి అట్లు చెప్పవచ్చును. బల్లి విషయమునను ఇంతే. ఆ చోటున ఏ మూల కూర్చున్నను శరీరము 38 డిగ్రీలకే వచ్చునట్లున్నచో, బల్లి 38 డిగ్రీలుండుట దాని ఘనత కాదు.

ఈ తర్కదోషమును 1993లో హెర్ట్జ్, హ్యూయీ, స్టీవెన్‌సన్ అను శాస్త్రజ్ఞులు విడమరచి చూపినారు. దానికి మార్గమును కూడ చెప్పినారు. బల్లి ఆకారములో, బల్లి చర్మము వలెనే ఎండను గ్రహించునట్లు రంగు వేసిన గుల్ల రాగి బొమ్మలను ఆ ప్రదేశమంతట ఎండలో, నీడలో, రాతిపై, పొదలో చెదరగా ఉంచవలెను. రాగి బొమ్మకు ఇష్టములేదు, ఎన్నిక లేదు. కనుక బొమ్మల ఉష్ణోగ్రతలు ఆలోచన లేని బల్లికి కలుగు ఉష్ణోగ్రతలు. వాటితో నిజమైన బల్లి ఉష్ణోగ్రతను పోల్చినప్పుడే దాని నడవడి ఎంత పని చేయుచున్నదో తేలును. ఇట్లు పోల్చగా కొన్ని జాతులు మిక్కిలి శ్రద్ధగా వేడిని అదుపు చేసికొనుచున్నవనియు, కొన్ని దాదాపు ఏమియు చేయుట లేదనియు తెలిసినది. అంతకు ముందే, 1976లో, హ్యూయీ, స్లాట్కిన్ అనువారు మరియొక సంగతి చెప్పియుండిరి. ఎండకు నీడకు తిరుగుటకు కూడ ఖర్చు ఉన్నది. కాలము పోవును, శత్రువు కంటబడు భయము ఉన్నది. ఖర్చు ఎక్కువైన అడవి నీడలలో బల్లి ఆ ప్రయత్నము మానుకొనుటయే లాభము. ఎండ విరివిగా ఉన్న బయలులో దొరకిన ఫలితమును అన్ని చోట్లకు వర్తింపజేయుట తగదు.

రెండవ లోపము రాత్రి సంచరించు జంతువులకు సంబంధించినది. రాత్రి ఎండ లేదు. వేడిని ఎన్నుకొనుటకు అవకాశము స్వల్పము. గోబీ ఎడారిలోని కప్పకండ్ల గెక్కో అను బల్లి 15 డిగ్రీల చుట్టుపక్కల శరీరముతో కూడ చల్లని రాత్రులలో వేటాడుచుండును. పగటి బల్లి ఆ వేడి వద్ద సరిగా పరుగెత్తలేదు. ఎడారి సరీసృపమునకు ఇంత వేడి అవసరమని ఒక్క మాటలో చెప్పుటకు వీలులేదని ఇట్టి జాతులు చూపుచున్నవి.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. ఎడారి యనగా వేడి మాత్రమే కాదు, నీటి కరవు కూడ. ఈ వ్యాసము వేడిపైననే దృష్టి నిలిపి నీటిని దాదాపు విడిచిపెట్టినది. ఆ కాలమున సరీసృపము చర్మము నీటిని ఏమాత్రము పోనీయదను నమ్మకము ఉండెను. అందుచేత ఆ ప్రశ్న ఎవరికిని అత్యవసరముగా తోచలేదు. ఆ నమ్మకము తరువాత కూలినది. 1966లో బెంట్లీ, ష్మిట్ నీల్సన్ అను శాస్త్రజ్ఞులు వేరువేరు సరీసృపములలో చర్మము ద్వారా ఎంత నీరు ఆవిరియగునో కొలిచినారు. చక్‌వాలా అను ఎడారి బల్లిలో సహితము ఆవిరిగా పోవు నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు చర్మమునుండియే పోవుచున్నట్లు తేలినది. నీటి మొసలి జాతుల చర్మముతో పోల్చిన అది ఎంతో తక్కువే. కాని పొలుసుల చర్మము నీరు చొరని కవచమను మాట నిజము కాదు.

మరి నీటి కరవులో ఇవి ఎట్లు నెగ్గుచున్నవి? సరీసృపముల మూత్రపిండములు రక్తముకంటె చిక్కని మూత్రమును తయారు చేయలేవు. అందుకు బదులు నత్రజని వ్యర్థమును యూరికామ్లముగా మార్చి, నీటిని వెనుకకు పీల్చుకొని, తెల్లని ముద్దగా విసర్జించును. గోడ మీది బల్లి విసర్జనలో కనబడు తెల్లని భాగము ఇదే. చక్‌వాలా, ఎడారి ఇగువానా వంటి బల్లుల ముక్కులో లవణ గ్రంథులు కలవు. ఆకులలోని అధిక లవణములను అవి చిక్కని ద్రవముగా బయటికి పంపును. అది ఎండిన తరువాత ముక్కు చుట్టు తెల్లని పొడి కనబడును. మొహావే ఎడారి తాబేలుకు ఆ గ్రంథి లేదు. అది వాన కురిసినప్పుడు కడుపార త్రాగి పెద్ద మూత్రాశయములో నీరు నిలువ చేసికొని నెలల తరబడి దానిపై ఆధారపడును. ఆ తాబేలును భయపెట్టి ఎత్తినచో ఆ నీటిని వదలివేయును. ఎండకాలములో దానికి అది ప్రాణాంతకము.

ఆస్ట్రేలియా ఎడారిలోని మోలోక్ అను ముండ్ల బల్లి కథ ఇంకను బోధకరము. తడి నేలపై నిలిచినచో దాని ఒడలు తడియును. కొంతసేపటికి నోరు కదల్చును. దాని చర్మము అద్దుడు కాగితము వలె నీటిని శరీరములోనికి పీల్చుకొనునని పూర్వము నమ్మిరి. 1962లో బెంట్లీ, బ్లూమర్ అనువారు పరీక్షించి చూడగా చర్మము నీటిని లోనికి పోనిచ్చుట లేదని తెలిసినది. పొలుసుల నడుమనున్న సన్నని కాలువలలో, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు, నీరు పాకి నోటి మూలలకు చేరును. బల్లి దానిని మింగును. చూచినది నిజమే, చెప్పిన కారణము తప్పు. విద్యార్థులకు ఈ భేదము బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

నాలుగవ లోపము వ్యాసములో కాక, వ్యాసకర్తలు దానినుండి వేసిన దుముకులో ఉన్నది. ఎండవేడికి సరీసృపములు త్వరగా లొంగుట చూచి, భూమి వేడెక్కుటచేతనే డైనోసారులు నశించి ఉండవచ్చునని కౌల్స్ తలపోసెను. 1946లో కోల్బర్ట్ అను శాస్త్రజ్ఞునితో కలిసి వీరిద్దరును అమెరికా మొసళ్లను ఎండలో పరీక్షించి, ఆ ఫలితములను డైనోసారులకు అన్వయించుటకు ప్రయత్నించినారు. చిన్న మొసలినుండి ఏనుగుకంటె అనేక రెట్లు పెద్దదైన జంతువును గూర్చి ఊహించుటకు అడుగడుగున ఆధారము కావలెను. ఆ ఆధారము లేకపోయినది. ఆరుకోట్ల అరువది లక్షల సంవత్సరముల క్రిందట ఆకాశమునుండి పెద్ద శిల వచ్చి భూమిని తాకుట ఆ వినాశమునకు ప్రధాన కారణమని 1980 తరువాత దొరకిన ఆధారములు చెప్పుచున్నవి. ఎడారిలో నిక్కచ్చిగా కొలిచిన చేయి, కొలతకు అందని చోట తొందరపడినది.

జంతువులను ఎండలో కట్టి చంపిన ప్రయోగమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. అది లేకున్న ఒక ముఖ్య సత్యము అంత త్వరగా తెలిసియుండెడిది కాదు. అయినను నేటి శాస్త్రనీతి దానిని అంగీకరింపదు. నేడు సంకట గరిష్ఠమును కొలుచువారు, జంతువు వెల్లకిల పడి తిరిగి లేవలేని క్షణముననే ఆపి దానిని చల్లబరచుదురు. ఆ హద్దును మరణమునకు ముందే గుర్తింపవచ్చునని నేర్పిన నిర్వచనము ఈ వ్యాసములోనిదే యగుట గమనింపదగినది.

మాటను గూర్చి

ఇక మొదటి ప్రశ్నకు రావలెను. శీతరక్తమను మాట తప్పైనచో ఏ మాట వాడవలెను? కొందరు స్థిరోష్ణ జీవులు, అస్థిరోష్ణ జీవులు అను మాటలు వాడుచున్నారు. శీతరక్తము కంటె ఇది మేలే. కాని ఎడారిలో ఇదియు తడబడును. వేసవిలో నీరు దొరకని ఒంటె శరీరపు ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, సాయంకాలమునకు 40 డిగ్రీలు దాటునని ష్మిట్ నీల్సన్, అతని సహచరులు 1957లో చూపినారు. చెమటగా పోవలసిన నీటిని ఒంటె ఈ విధముగా మిగుల్చుకొనును. క్షీరదమైన ఒంటెలో ఆరు డిగ్రీల తేడా. చురుకుగా తిరుగు వేళలలో ఎడారి బల్లిలో తేడా తరచు అంతకంటె తక్కువ. వీటిలో ఏది స్థిరోష్ణము, ఏది అస్థిరోష్ణము?

తేడా రక్తము వేడిలో లేదు, స్థిరత్వములోను లేదు; వేడి ఎక్కడినుండి వచ్చుచున్నదను విషయములో ఉన్నది. క్షీరదము తాను తిన్న ఆహారమును మండించి లోపల వేడిని పుట్టించును. బల్లి ఎండనుండియు, వేడెక్కిన రాతినుండియు వేడిని తెచ్చుకొనును. ఎండోథర్మ్, ఎక్టోథర్మ్ అను మాటలను ఈ అర్థమున వాడుకలోనికి తెచ్చినవారిలో కౌల్స్ ముఖ్యుడు. తెలుగులో వీటిని అంతరోష్ణ జీవులు, బాహ్యోష్ణ జీవులు అనవచ్చును.

మాట మారిన ఏమి లాభమని కొందరు అడుగవచ్చును. శీతరక్తమను మాటలో ఒక చిన్నచూపు దాగియున్నది. పక్షులు, క్షీరదములు పై మెట్టుమీద ఉన్నవనియు, సరీసృపములు ఆ మెట్టు ఎక్కలేక వెనుకబడినవనియు విద్యార్థి తలచును. నిజమునకు శరీరమును వేడిగా ఉంచుకొనుటకు ఆహారమును మండింపనవసరము లేదు కనుక, సమానమైన బరువుగల క్షీరదమునకు కావలసిన ఆహారములో పదవవంతు కంటె తక్కువతోనే బల్లికి జరిగిపోవును. వానలు లేక మొక్కలు, పురుగులు కరవైన ఎడారిలో నెలల తరబడి కలుగులో కదలక ఉండి బ్రతుకగలిగినది బల్లియే. ఎడారులలో బల్లులు అంత విరివిగా ఉండుటకు ఇది ముఖ్య కారణము. ఇది వెనుకబాటు కాదు, వేరొక జీవన విధానము.

ఈ మార్పునకు మరియొక ఫలము కూడ కలిగినది. బల్లి తన వేడిని తానే ఎన్నుకొనునని తెలిసిన తరువాత, రోగము వచ్చినప్పుడు ఏమి ఎన్నుకొనునను ప్రశ్న పుట్టినది. 1974, 1975 సంవత్సరములలో క్లూగర్, అతని సహచరులు ఎడారి ఇగువానాపైననే ఈ పరీక్ష చేసినారు. సూక్ష్మజీవులను ఎక్కించిన బల్లులు మామూలుకంటె సుమారు రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న చోటును వెదకుకొని పోయినవి. రోగము సోకిన బల్లులను వేరువేరు ఉష్ణోగ్రతలలో ఉంచగా, 34 డిగ్రీల వద్ద ఉన్నవి చనిపోయినవి. 40, 42 డిగ్రీల వద్ద ఉన్నవి ఎక్కువ సంఖ్యలో బ్రతికినవి. జ్వరము శరీరమునకు శత్రువు మాత్రమే కాదు, రోగముతో పోరాడు సాధనము కూడ కావచ్చునని మనుష్య వైద్యమునకు సహితము ఆలోచన కల్పించిన ప్రయోగమిది. బల్లికి వేడిని ఎన్నుకొను శక్తి లేదని నమ్మినంతకాలము ఈ ప్రశ్నయే పుట్టెడిది కాదు.

నీడ విలువ

కౌల్స్, బోగర్టుల పరిశోధనకు నేడు కొత్త ప్రాముఖ్యము వచ్చినది. భూగోళము వేడెక్కుచున్నది. ఎడారి బల్లులు వేడికి అలవాటుపడినవి కనుక వాటికి భయము లేదని పాత అభిప్రాయము చెప్పును. ఈ వ్యాసము దానికి సరిగా ఎదురు చెప్పును. ఎడారి ఇగువానా మేయు ఉష్ణోగ్రతకు, మరణపు హద్దునకు మధ్య ఉన్నది నాలుగైదు డిగ్రీలే. ఎండ పెరిగినచో అది వెంటనే చనిపోదు. ముందుగానే కలుగులో దూరును. కాని కలుగులో ఉన్నంతసేపు మేత లేదు. వెలుపల తిరుగుటకు వీలైన గంటలు తగ్గిన కొలది తిండి తగ్గును, గుడ్లు తగ్గును. మెక్సికో దేశములో 200 చోట్ల 48 జాతుల ముండ్ల బల్లులను తిరిగి వెదకిన శాస్త్రజ్ఞులు, 1975 తరువాత నూటికి 12 చోట్ల అవి కనుమరుగైనట్లు 2010లో ప్రకటించినారు. గుడ్లు పెట్టు ఋతువులో తిరుగు గంటలు తగ్గుటను వారు కారణముగా చూపినారు. 2009లో కీర్నీ, షైన్, పోర్టర్ అనువారు వేసిన లెక్కలు, వేడి ప్రదేశములలోని బల్లులకు ఇకముందు నీడయే ముఖ్యాధారమని తేల్చినవి. పొదలు నరికివేసిన ఎడారి మనుష్యులకు ఖాళీనేలగా కనబడవచ్చును. బల్లికి మాత్రము గొడుగు పోయినట్లే.

ఇది దూరదేశపు సమస్య మాత్రమే కాదు. భారతదేశములో థార్ ఎడారి యందు సాండా అను ముండ్లతోక బల్లి కలదు. అది గడ్డి, ఆకులు మేయును. తిరిగి కలుగు చేరిన తరువాత ద్వారమును మన్నుతో మూసికొనును. ఆ మూత వెనుక చల్లదనము, తేమ నిలుచును. దాని కొవ్వునుండి తీసిన నూనెకు లేని మహిమలు అంటగట్టి అమ్ముటకై వేలాదిగా చంపినారు. ఆ నూనెకు అట్టి ఔషధగుణములు ఉన్నవనుటకు శాస్త్రాధారము లేదు. వన్యప్రాణి రక్షణ చట్టము దానిని కాపాడుచున్నది; కాని దాని కలుగులున్న పచ్చిక బయళ్లు మిగిలినప్పుడే ఆ కాపుదలకు అర్థమున్నది.

మొత్తముమీద చూడగా, కౌల్స్, బోగర్టుల వ్యాసము తన శీర్షికలో చెప్పుకొన్నట్లు ప్రాథమిక పరిశీలనయే. దానిలోని తర్కము కొన్ని చోట్ల వదులు. నీటిని గూర్చి మౌనము. దానినుండి డైనోసారులకు వేసిన వంతెన నిలువలేదు. అయినను కొలువవలసిన చోట కొలిచి, జంతువు చేయుచున్న పనిని పనిగా గుర్తించిన గ్రంథమది. దాని లోపములను తరువాతివారు దిద్దగలిగినది కూడ ఆ కొలత మార్గముననే.

ఉన్నత పాఠశాలలో దీనిని బోధించుటకు ఎడారి అవసరము లేదు, బల్లిని పట్టనవసరము అంతకంటె లేదు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఒక దినము పాఠశాల ఆవరణలో నాలుగు థర్మామీటర్లు ఉంచవలెను: ఎండ పడు ఇసుకపై ఒకటి, చెట్టు నీడన నేలపై ఒకటి, పొదలో రెండడుగుల ఎత్తున ఒకటి, అడుగు లోతు గుంటలో మన్ను కప్పి ఒకటి. ఉదయము ఏడు గంటలనుండి గంట గంటకు అంకెలు వ్రాసి, అదే వేళ కంచె మీది తొండ ఎక్కడ ఉన్నదో దూరమునుండి చూచి పక్కన వ్రాయవలెను. సాయంకాలమున ఆ పట్టికను నల్లబల్లపై వ్రాసి, ఎండ ఇసుకమీదనే రోజంతయు కదలక ఉన్నచో ఆ తొండ ఏ గంటకు మరణించియుండునని విద్యార్థులను అడుగవలెను. ఆ లెక్క వేసిన విద్యార్థికి శీతరక్తమను మాట ఎందుకు తప్పో వేరుగా చెప్పనక్కరలేదు.